చూపు లేని కంటికి తెలిసిన పగలు

కిందటి వారం రఘురామ్‌ని గుమ్మం బయట నిలబెట్టి వదిలేశాం. పాపం, చేతిలో రిజల్టు పట్టుకుని వారం రోజులుగా ఆయన అమీర్‌పేటలోని ఆ మూడో అంతస్తు మెట్ల మీదే ఉన్నాడు. ఆయన్ని లోపలికి పిలిచే ముందు, ఈ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

మైత్రీవనం చుట్టుపక్కల ఒరాకిల్ అనే కంప్యూటర్ కోర్సు నేర్చుకున్నవాళ్లలో కేదార్ సార్ పేరు వినని వాళ్లు తక్కువ. పుట్టుకతో వచ్చిన జబ్బు ఆయన చూపును చిన్నప్పటి నుంచీ కొద్దికొద్దిగా కొరుక్కు తినేసింది. ఎడమ కంటికి దెబ్బ తగిలి చీము పడితే దాన్ని తీసేశారు. కుడి కన్ను మిగిలింది గానీ దానికి వెలుగూ చీకటీ ఒకటే. పైగా ఈ మధ్య దానిలో ఒత్తిడి పెరిగి, గోడకు తల బాదుకునేంత నొప్పి. అయినా కేదార్ పాఠం మానలేదు. కమాండ్లన్నీ నోటికే చెప్పేవాడు, బోర్డు మీద శిష్యులు చేసిన తప్పు కూడా వాళ్లు చదువుతుంటే విని పట్టేసేవాడు. ఆయన్ని నిజంగా దెబ్బకొట్టింది నిద్ర. అది రోజూ నిన్నటి కన్నా కాస్త ఆలస్యంగా వస్తుంది. అలా జరిగి జరిగి ఒక నెల అందరితో పాటు రాత్రి పడుకునే మనిషి, ఇంకో నెలకు పట్టపగలు కూలబడిపోతాడు. మాత్రలు వాడినా లాభం లేకపోయింది. చివరికి నిండు క్లాసులో, మాట మధ్యలో, బల్ల మీదకు ఒరిగి నిద్రపోయాడు. ఇన్‌స్టిట్యూట్ యజమాని రామ్మోహనరావు మంచివాడే గానీ ఫీజు కట్టిన పిల్లలకు జవాబు చెప్పుకోవాల్సినవాడు. సోమవారం మొదలయ్యే పొద్దుటి బ్యాచ్ ఒక్కటే ఆఖరి అవకాశం అని చెప్పేశాడు.

కేదార్ భార్య వనిత. ఆమె తండ్రి జనగామ వైపు నుంచి వచ్చి ఎర్రమంజిల్ ఆఫీసుల్లో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె బేగంపేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తుంది. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి టేపులో చెప్పింది హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, తెల్లారేదాకా టైపు చేయడం ఆ పని. ఒకరోజు అలా వింటుంటే ఎవరో డాక్టరు ఒక గుడ్డి రోగి నిద్ర గురించి చెబుతున్నాడు. అచ్చం కేదార్ నిద్రే. చూపు పోయినా ఆ రోగి కంటికి వెలుగు తెలుస్తోందని కూడా అన్నాడు. వనిత ఆ ముక్క పట్టుకుని, కేదార్‌తో ఇంటర్ చదివి ఇప్పుడు ఎలుకల మెదడు మీద పరిశోధన చేసుకుంటున్న రఘురామ్ వెంటపడింది. ఆయన కేదార్‌ని తన ల్యాబ్‌కు తీసుకుపోయి, చీకటి గదిలో కూర్చోబెట్టి, తర్వాత బాగా వెలుగున్న దీపాల ముందు కూర్చోబెట్టి, మధ్యమధ్యలో లాలాజలం తీసుకున్నాడు. ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పాడు. ఆ పరీక్ష ఫలితమే ఇప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

వనిత తలుపు తీసింది. శుక్రవారం మధ్యాహ్నం, బయట ఏప్రిల్ ఎండ మండిపోతోంది. లోపలికి అడుగు పెట్టిన రఘురామ్ మోకాలు వెళ్లి దేనికో కొట్టుకుంది.

కరెంటు పోయిందా అని అడిగాడు. పోలేదని, ఉండమని, వనిత గోడ తడిమి చిన్న బల్బు వేసింది. ఆ వెలుతురులో గది మెల్లగా తేలింది. రెండు కిటికీలకూ లోపలి వైపు నల్ల చార్టు కాగితాలు అంటించి ఉన్నాయి. సందుల్లో నుంచి గీతంత వెలుగు కూడా రాకుండా అంచుల మీద బ్రౌన్ టేపు వేశారు. పైన మందంగా కర్టెన్లు. పక్క గదిలో ఇంకా చీకటి. కేదార్ కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఒంటి లెక్కలో అది పొద్దుపోయిన వేళ. మధ్యాహ్నం మూడింటికి రాత్రి భోజనం చేసి, ఆవలిస్తూ ఉన్నాడు.

"ఏంట్రా, ఎలుకల్ని వదిలి వచ్చావా?" అన్నాడు గొంతు గుర్తుపట్టి.

రఘురామ్‌కి నవ్వు రాలేదు. ఆయన అసలు నాలుగు మాటలు కలిపి మాట్లాడే మనిషి కాదు, శుభవార్త చెప్పడం మరీ చేతకాదు. కుర్చీ అంచున కూర్చుని, గొంతు సవరించుకుని, ఒక్కసారిగా చెప్పేశాడు.

"నీ కుడి కన్ను పనిచేస్తోందిరా."

వనిత గోడకు ఆనుకుంది. కేదార్ కదల్లేదు. తనకేమీ కనిపించలేదని, ఆ దీపాల ముందు కూర్చున్నంతసేపూ వేడి తగిలిందే తప్ప వెలుగన్నది లేదని నెమ్మదిగా అన్నాడు. రఘురామ్ తలూపాడు. తలూపితే వాడికి కనిపించదని గుర్తొచ్చి మాటల్లో పెట్టాడు.

కనిపించడం వేరు, వెలుగు తెలియడం వేరు అని మొదలుపెట్టాడు. కంటి లోపలి పొరలో బొమ్మ పట్టే కణాలు కేదార్‌కు ఎప్పుడో పోయాయి. ఆ జబ్బు వాటినే తింటుంది. కానీ వాటి వెనక వేరే కణాలు కొన్ని ఉంటాయని, వాటంతట అవే వెలుగును పట్టగలవని నాలుగైదేళ్ల కిందటే బయటపడింది. వాటికి ముఖాలు అక్కర్లేదు, అక్షరాలు అక్కర్లేదు. ఇది పగలా, రాత్రా అన్నదొక్కటే వాటి పని. ఆ కబురు నరం గుండా మెదడు అడుగున ఉన్న చిన్న ముద్దకు వెళుతుంది. ఒళ్లంతటికీ గడియారం అదే. రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే పదార్థం ఆ గడియారం చెప్పినట్టే ఊరుతుంది. పరీక్ష రోజు కేదార్ ఒంటికి నడిరాత్రి అయిన వేళ చూసి దీపాలు వేస్తే, లాలాజలంలో అది సగానికి సగం పడిపోయింది. అంటే కబురు చేరిందన్నమాట.

"ఆ గడియారం ఉన్న ముద్ద పేరు నేను వందసార్లు టైపు చేసిన," అంది వనిత మెల్లగా. "అదేందో ఎన్నడు అడగలే."

అక్కడి నుంచి రఘురామ్‌కి కాస్త ఊపు వచ్చింది. తన పదేళ్ల బతుకంతా ఆ ముద్ద చుట్టూనే తిరిగింది మరి. ఆ కణాలు నరం చివర రెండు రకాల రసాయనాలు వదులుతాయని చెప్పాడు. ఒకటి మెదడంతటా ఉండేదే. రెండోది చిన్న ప్రోటీన్ ముక్క, పెప్టైడ్ అంటారు. దాని పేరు పాకాప్. విశేషం ఏమిటంటే, కంటిలో అది సరిగ్గా ఈ పగలూ రాత్రీ చెప్పే కణాల్లోనే ఉంటుంది. ఒంట్లో అది తయారుకాని ఎలుకలకు కూడా వెలుగు కబురు అంతో ఇంతో చేరుతుంది గానీ, గడియారం జరగాల్సినంత జరగదు.

కేదార్ అప్పటిదాకా వింటున్నవాడు వింటున్నట్టే ఉండి, అలవాటు కొద్దీ మాస్టారైపోయాడు. అయితే మొదటిది ఇన్‌సర్ట్, రెండోది కమిట్, అన్నాడు. ఎంత డేటా కొట్టినా కమిట్ చేయకుండా, అంటే ఖాయం చేయకుండా, సిస్టం ఆపేస్తే అంతా గల్లంతే కదా. ఆయన క్లాసులో మొదటిరోజు చెప్పే మాట అది. అంత సూటిగా కాదని రఘురామ్ ఇబ్బంది పడ్డాడు. కమిట్ లేకపోతే అసలేమీ మిగలదు, ఇక్కడ అలా కాదు. గడియారం ఎంత జరగాలన్నది తేల్చడంలో దీని చెయ్యి ఉంది, అంతవరకే ధైర్యంగా చెప్పగలం అన్నాడు. అది కూడా ఎక్కువగా ఎలుకల్లో చూసిన సంగతి. మనిషి కళ్లలోనూ ఆ కణాలు ఉన్నాయి, ఆ పెప్టైడూ ఉంది, కాబట్టి ఇక్కడా అదే జరుగుతోందని అనుకోవడం తప్పు కాదు.

"అంటే నా కన్ను ఇన్నాళ్లూ కబుర్లు పంపుతూనే ఉందన్నమాట," అన్నాడు కేదార్. ఆ గొంతులో సంతోషం వినడం వనితకు చాలా కాలం తర్వాత.

ఇక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ రఘురామ్ పరిశోధన చేసేవాడు. మంచి జరిగినా ఎందుకు జరిగిందో, చెడు జరిగినా ఎందుకు జరిగిందో తేలేదాకా నిద్రపట్టని జాతి. కన్ను కబురు పంపగలిగినప్పుడు గడియారం ఎందుకు దారి తప్పింది? ఆ ప్రశ్న ఆయన్ని వారం నుంచి తొలుస్తోంది. అడగడం మొదలుపెట్టాడు.

రోజులో వెలుగులో ఎంతసేపు ఉంటావని కేదార్‌ని అడిగాడు. కేదార్ ఆలోచించాడు. గుడ్డివాడిని అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు కాస్త నవ్వాడు కూడా. క్లాసు సెల్లార్‌లో. అమీర్‌పేటలో కిటికీ ఉన్న క్లాసురూము ఎవడికి దొరుకుతుంది, అక్కడ ట్యూబులైట్లు. ఇంటికీ క్లాసుకీ మధ్య నడక పది నిమిషాలు, అది కూడా కళ్లద్దాలు పెట్టుకునే. మిగతా పొద్దంతా ఇంట్లోనే.

"ఆ అద్దాలు ఎవరిచ్చారు?"

వనిత జవాబు చెప్పింది. తనే కొన్నది. ఎడమ కన్ను తీసేశాక బస్టాపులో పిల్లలు చూసి జడుసుకున్నారు. పెద్దవాళ్లు అంతకన్నా అన్యాయంగా చూశారు. పంజాగుట్టలో పెద్ద షాపుకు పోయి, అన్నిటికన్నా నల్లగా ఉన్నవి, పక్కల నుంచి కూడా ఏమీ కనపడనివి ఏరి తెచ్చింది. పడుకునేటప్పుడు తప్ప తీయనిచ్చేది కాదు.

రఘురామ్ చూపు కిటికీల మీదకు పోయింది. అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆయన చూపు ఎక్కడ ఆగిందో వనిత చూసింది.

ఆ కాగితాలు అంటించింది వనితే. రాత్రి డ్యూటీ మొదలైన కొత్తలో పగలు నిద్రపట్టక చచ్చిపోయేది. ఆమె కంపెనీలో ఆడపిల్లలందరూ చేసే పనే అది, ఒకరికి చూసి ఒకరు నేర్చుకున్నారు. స్టేషనరీ షాపులో నల్ల చార్టులు కొనుక్కుని కిటికీలు మూసేయడం. పగలు వాళ్లకు రాత్రి కావాలి. ఇంట్లో మిగతావాళ్లు గొణిగితే ఒక గది వదిలేస్తారు. ఈ ఇంట్లో గొణిగేవాళ్లు లేరు. ఉన్న ఇంకో మనిషికి వెలుగుతో పనిలేదు. అందుకని వనిత రెండు గదులూ మూసేసింది. అంటిస్తుంటే టేపు కత్తిరించి ఇచ్చింది కేదారే. "నాకెలాగూ ఒకటే, నువ్వు హాయిగా పడుకో" అన్నాడు. ఆ మాట ఆమెకు ఎంతో ముద్దుగా అనిపించింది. ఆయన నిద్ర జారడం మొదలైంది ఆ తర్వాతే. ఇద్దరికీ ఆ రెండింటినీ కలిపి చూడాలని తోచలేదు. ఎవరికి మాత్రం తోస్తుంది?

"నీకు కండ్లు లేవని కిటికీలు మూసిన," అంది వనిత. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "నా కండ్లకు ఒక గుడ్డ కట్టుకుంటే అయిపోతుండె."

కేదార్ కుర్చీలోంచి చెయ్యి చాచాడు. ఆమె దగ్గరికి రాలేదు. కిటికీ దగ్గరకు పోయి కర్టెన్ లాగిపారేసింది. గోరుతో టేపు అంచు పట్టుకుని గుంజింది. కాగితంతో పాటు సున్నం పెచ్చు కూడా ఊడొచ్చింది. కిటికీ రెక్క బిగుసుకుపోయి ఉంటే భుజంతో తోసింది. ఎండ గదిలోకి వచ్చిపడింది. కింద బస్సుల రొద, ఎవడో జావా డెమో క్లాసు ఫ్రీ అని కాగితాలు పంచుతూ అరుస్తున్న గొంతు, జామకాయల బండివాడి కేక, అన్నీ వచ్చాయి. రెండో కిటికీ కూడా తెరిచింది. ఏడవడం లేదు. ఆమెకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలిస్తే పోయి వాళ్లను కడిగేసి వచ్చేది.

రఘురామ్ లేచి నిలబడ్డాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆయనకు తెలియదు గనుక తెలిసిన పని చేశాడు, లెక్క చెప్పాడు. అది మంచి లెక్కే. కేదార్ నిద్ర ఇప్పుడు సాయంత్రం దగ్గరికి వచ్చింది. అది ఎలాగూ రోజూ ఆలస్యం వైపుకు జారుతుంది కాబట్టి ఇంకో రెండు వారాల్లో దానంతట అదే అందరి రాత్రి దగ్గరికి చేరుతుంది. ఇదివరకు అది అక్కడ ఆగకుండా దాటిపోయేది, ఆపేవాళ్లు లేక. ఈసారి ఆ వేళకు రోజూ పొద్దున్నే అద్దాలు తీసేసి, డాబా మీద ఎండలో గంటసేపు కూర్చోబెట్టాలి. సాయంత్రం ఏడు దాటాక వెలుగు తగలనివ్వకూడదు. కన్ను కబురు పంపుతుంది, ఆ కబురు అందుకుని గడియారం అక్కడే నిలబడుతుంది. నిలబడితే కేదార్ అందరిలాగా పొద్దున లేస్తాడు, రాత్రి పడుకుంటాడు. సోమవారం బ్యాచే కాదు, ఆ తర్వాత బ్యాచ్, ఆ తర్వాతది, ఎన్నైనా చెప్పుకోవచ్చు.

వనిత మధ్యలో ఆపి ఒక్కటే అడిగింది. ఆ కంటిలో ఒత్తిడి సంగతి ఏమిటని. ఒత్తిడి ఎక్కువ కాలం ఉంటే ఆ కణాలు కూడా పోతాయి, అందుకని చుక్కల మందు మానకూడదు, నొప్పి ఉన్నా సరే కన్ను తీయించకూడదు అని రఘురామ్ చెప్పాడు. నొప్పిని ఇంకో దారిలో తగ్గించే మందులు చూద్దాం. ఎన్ని రోజులైనా ఆ కన్నును కాపాడుకోవాలి. ఇక ఉన్న తలుపు అదొక్కటే.

"నేను చూసుకుంట," అంది వనిత. "చుక్కలు నేను వేస్త. పొద్దుగాల డ్యూటీ నుంచి రాంగనె డాబా మీదకు నేనే తీస్కపోత. నొప్పికి జర ఓర్చుకో కేదార్. నీకు మస్తు కష్టమైతది, తెలుసు నాకు. కానీ ఓర్చుకో."

సంతోషం వచ్చిన దారినే వెళ్లిపోయినట్టు కేదార్ ముఖం మళ్లీ ఖాళీ అయింది. ఎండ సరిగ్గా ఆయన ముఖం మీద పడుతోంది. రఘురామ్ దగ్గరికి వచ్చి, ఆ కన్ను ఎలా ఉందో చూద్దామంటూ ఆ నల్లద్దాలు తీశాడు.

తీసి, అలాగే నిలబడిపోయాడు.

కుడి కన్ను రెప్ప పూర్తిగా వాలిపోయి ఉంది. చుట్టూ వాచి, పసుపూ ఊదా కలిసిన కమిలిన రంగు. ల్యాబ్‌కు వచ్చిన రోజు కేదార్ దీపాల ముందు తప్ప ఒక్క నిమిషం కూడా ఆ కన్ను వదల్లేదు. నొప్పికి అరచేత్తో అదుముకుంటూనే ఉన్నాడు. ఇవాళ వచ్చినప్పటి నుంచి చెయ్యి ఆ వైపు పోలేదు. రఘురామ్‌కి ఆ సంగతి ఇప్పుడు తట్టింది.

"నొప్పి లేదా నీకు?"

"లేదు."

"ఎప్పటి నుంచి?"

"మంగళవారం నుంచి."

వనిత వచ్చి భర్త ముఖం చూసింది. నాలుగు రోజులుగా ఆమె ఆ ముఖాన్ని చూడలేదు. చూడలేదంటే ఇంట్లో లేదని కాదు. తెల్లారి చీకటింట్లోకి వస్తుంది, తడుముకుంటూ పడుకుంటుంది, లేచి చీకట్లోనే తలదువ్వుకుని క్యాబెక్కుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ ఆయన అద్దాలు పెట్టుకునే ఉంటాడు. ఆ అలవాటు చేసింది ఆమే.

కేదార్ చెప్పాడు. సోమవారం బ్యాచ్ ఉంది. నిద్ర సంగతి ఎలా ఉన్నా ఇంకో రెండు మూడు వారాల దాకా పొద్దుటిపూట మెలకువగానే ఉంటాడు, ఆ లెక్క ఆయనకూ తెలుసు. కానీ ఆ నొప్పితో రెండు గంటలు నిలబడి పాఠం చెప్పలేడు. ఇన్‌స్టిట్యూట్ వాచ్‌మన్ ఐలయ్యను తోడు తీసుకుని, ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రికి పోయాడు. చూపు లేని కంటికి నొప్పి ఉంటే వెనక వైపు ఆల్కహాల్ ఇంజెక్షన్ ఇస్తారట. నరాలు మొద్దుబారిపోతాయి. కొన్ని నెలల పాటు నొప్పి ఉండదు.

"నన్నెందుకు లేపలే?"

"రాత్రంతా పనిచేసొచ్చి పడుకున్నావు. ఎలా లేపను?"

వనిత రఘురామ్ వైపు చూసింది. ఆయన కిటికీ ఊచ పట్టుకుని ఉన్నాడు. ఆ ఇంజెక్షన్ గురించి ఆయనకు తెలుసు. అది చూపున్న కంటికి ఎప్పుడూ ఇవ్వరు. ఎందుకు ఇవ్వరో కూడా తెలుసు. నొప్పి చెప్పే నరం దగ్గరికి వెళ్లిన మందు, పక్కనే ఉన్న పెద్ద నరాన్ని వదిలిపెడుతుందన్న భరోసా లేదు. వెలుగు కబురు మోసుకుపోయేది ఆ పెద్ద నరమే.

"డాక్టరు నీకేం చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పాడు. పాపం, అన్నీ వివరంగా చెప్పాడు. దీనివల్ల కంటి నరం కూడా దెబ్బతినొచ్చు, ఈ కన్నుతో మీకు ఇంకేమైనా ఉపయోగం ఉందా అని అడిగాడు." కేదార్ ముడుచుకున్న కాళ్లు కిందికి దించాడు. "ఏం లేదన్నాను."

కింద డెమో క్లాసు కుర్రాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. రఘురామ్ మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. రిజల్టు ముందే వచ్చిందని, ఇంకోసారి సరిచూసుకుని చెబుదామని తనే ఆపాడని, మొన్న సోమవారం నాడే ఫోను చేయబోయి మానుకున్నాడని చెప్పాడు. ఎవరూ అడగకుండానే చెప్పాడు. ఆశ పెట్టుకోవద్దని అన్నది కూడా తనే కదా అన్నాడు. ఆ ఇద్దరూ విన్నారో లేదో తెలియదు. తప్పును ఎవరి వాటా వాళ్లు తీసుకుంటే తేలికయ్యే బరువు కాదది.

నరం పోయిందా, ఉందా అని వనిత అడిగింది. చెప్పలేనన్నాడు. నొప్పి పోయిందంటే ఇది కూడా పోయినట్టేనా అని అడిగింది. అలా చెప్పలేం, అవి వేరువేరు నరాలు. ఒక్కోసారి మందు అక్కడి దాకా పోదు. ఒక్కోసారి పూర్తిగా పోతుంది. మళ్లీ ల్యాబ్‌లో కూర్చోబెట్టి చూస్తే తప్ప తెలియదు. రేపే రమ్మన్నాడు, ఎంతసేపైనా తనే దగ్గరుండి చూస్తానన్నాడు.

"నేను రాను," అన్నాడు కేదార్.

వనిత ఆయన ముందు కింద కూర్చుంది.

"ఎందుకు రావు?"

"మొన్న సోమవారం దాకా అది బతికే ఉందని ఇప్పుడే తెలిసింది. నాకు అది చాలు. దాన్ని నేనే చంపుకున్నానని కాగితం మీద రాసిస్తే తీసుకుని ఏం చేసుకోను?"

"బతికుంటే?"

"బతికుంటే నువ్వు మళ్లీ ఆశపడతావు. నీ కాగితాలు చించేసుకుని, నీ నిద్ర చెడగొట్టుకుని, నన్ను డాబా మీద ఎండబెడతావు. మూడు నెలలకు నొప్పి తిరిగొస్తుంది. ఆ ఒత్తిడి ఎలాగూ దాన్ని మిగలనివ్వదు. వాణ్ణి అడుగు, అబద్ధమేమో."

రఘురామ్ అబద్ధమనలేదు. వనిత ఆయన్ని అడగనూ లేదు. ఆమెకు ఒక్కసారిగా అన్నీ తెలిసిపోయినట్టూ, తెలిసినవన్నీ పనికిరాకుండా పోయినట్టూ అనిపించింది. ఎన్ని వందల రోగాల పేర్లు ఒక్క తప్పు లేకుండా టైపు చేసింది. ఇంట్లో మనిషికి వెలుగు కావాలన్నది మాత్రం తెలుసుకోలేకపోయింది. మంగళవారం ఆయన చెప్పులు వేసుకుని తలుపు దగ్గరకేసి వెళ్తున్నప్పుడు తను పక్క గదిలోనే ఉంది. నిద్రలో ఒక్కసారి ఒత్తిగిలినా వినపడేది.

"నా కోసం రా," అంది. "నీకు చెప్పం. నేను ఒక్కదాన్నె తెలుసుకుంట. నీకు చెప్పమని అడిగితె సుత చెప్పం."

కేదార్ నవ్వబోయాడు. చెయ్యి చాచి ఆమె తల తడిమాడు. "వనితా, నువ్వు దాచలేవు. నీ అడుగు చప్పుడులోనే…" అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. తల ఒక పక్కకు వాలింది. చెయ్యి ఆమె జుట్టు మీది నుంచి జారింది. ఆయన రాత్రి మొదలైపోయింది, నాలుగు గంటల ఎండలో.

వనిత అలాగే కూర్చుని చూసింది. నిద్రపోతున్న ముఖం నిండా ఎండ. కిటికీలు మూశాక ఈ ఇంట్లో ఆ ముఖం మీద ఎండ పడగా చూడటం ఆమెకు ఇదే మొదలు. మోకాళ్ల మీద లేచి, బొటనవేలితో ఆ వాలిన రెప్పను జాగ్రత్తగా పైకెత్తింది. మసకబారిన నల్లగుడ్డు ఎటో చూస్తోంది. రెండో చేత్తో గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పింది. పోనీ, ఇట్లానైనా వెలుగు లోపలికి పోనీ, ఎంత పోతే అంత.

"వద్దు వనితా," అన్నాడు రఘురామ్.

ఆమె వెనక్కి తిరిగింది.

"వెలుగు ఎప్పుడు పడాలో అప్పుడే పడాలి. ఇది వాడి ఒంటికి రాత్రి మొదలయ్యే వేళ. ఇప్పుడు పడితే గడియారం ఇంకా ఆలస్యం వైపుకే జరుగుతుంది. మేలు చేయదు, కీడే చేస్తుంది."

"నరం బతికుంటేనే గదా, అన్న?"

"బతికుంటేనే."

"చచ్చిపోయి ఉంటే?"

"చచ్చిపోయి ఉంటే ఎంతసేపు పట్టుకున్నా ఒకటే."

వనిత బొటనవేలు ఆ రెప్ప మీదే ఉంది. తీయాలా, ఉంచాలా? కింద వీధిలో ఆఫీసు క్యాబు వచ్చి ఆగింది, రోజూ కన్నా ముందే. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. కాసేపు ఆగి, విసుగ్గా, మళ్లీ కొట్టాడు.

వనిత రెప్పను మెల్లగా మూసింది. దాని మీద వెలుగు పడకుండా తన అరచెయ్యి కప్పి, అలాగే కూర్చుంది.